ఫిల్టరుకేం తక్కువైంది?

ఇంట్లో మంచి కాఫీ కావాలంటే మంచి మెషిన్ కొనుక్కోవాలన్నది ఇప్పుడు నాలుగు డబ్బులున్న ఇళ్లలో ఎవరూ ఎదురు చెప్పని మాట. హైదరాబాద్‌లో కొత్త ఫ్లాటుకి ఇంటీరియర్ చేసేవాళ్లు పూజగదికి ఎంత చోటు వదలాలో అడిగినట్టే ‘కాఫీ కార్నర్’కి ఎంత వదలాలో కూడా అడుగుతున్నారు. ఆ మూలలో ఒక ఎస్ప్రెసో మెషిన్, పక్కన గ్రైండరు, గ్రాముల్లో తూచే చిన్న కాటా, కొంగమెడ కెటిలు. స్టీలు ఫిల్టరు మాత్రం అటక మీద, వాడని ఇడ్లీ పాత్ర వెనకాల. ఎందుకండీ అంటే జవాబులు సిద్ధంగా ఉంటాయి. ఫిల్టరు పాతకాలపు సరుకు. డికాషన్ దిగేదాకా కాచుకు కూర్చోవాలి. ఒక్కోరోజు ఒక్కోలా వస్తుంది. ఒత్తిడి లేనిదే పొడిలోంచి సారం దిగదు. మరిగే నీళ్లు పోస్తే కాఫీ మాడిపోతుంది. పైగా ఆ చికోరీ ఒకటి.

ఇందులో చికోరీ మాట ఒక్కటే సగం నిజం. మిగతావన్నీ తప్పు. పాలు కలిపిన కాఫీ తాగే ఇంటికి, అంటే కాఫీ తాగే తెలుగువాళ్ల ఇళ్లలో చాలావాటికి, స్టీలు ఫిల్టరును మించిన సాధనం ఇంతవరకు రాలేదని నా వాదన. పాత వస్తువు మీద మమకారంతో చెప్పే మాట కాదిది. అమ్మమ్మలు వాడారు కనుక మనమూ వాడాలనే వాదన నాకు మొదటినుంచీ రుచించదు. అమ్మమ్మలు కట్టెల పొయ్యి కూడా ఊదారు. ఫిల్టరు తన పని తాను సరిగ్గా చేస్తుంది కాబట్టి నిలబడింది.

ముందు ఒత్తిడి సంగతి. మెషిన్ పక్షం వాళ్ల అసలు బలం ఇక్కడే ఉంది. తొమ్మిది బార్ల ఒత్తిడి, అంటే మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడికి దాదాపు తొమ్మిది రెట్లు, దానితో వేడినీటిని సన్నటి పొడిలోంచి తోస్తే 25, 30 సెకన్లలో చిక్కటి కాఫీ దిగుతుంది. దాని మీద బంగారు రంగు నురగ ఉంటుంది. రుచి గొప్పగానే ఉంటుంది, కాదనను. అయితే ఆ ఒత్తిడి ఎందుకు పుట్టిందో చూడాలి. 1884లో ఇటలీలోని టురిన్‌లో ఆంజెలో మోరియోండో ఆవిరితో నడిచే కాఫీ యంత్రానికి పేటెంటు తీసుకున్నాడు. 1901లో మిలాన్‌లో లుయీజి బెజ్జెరా దాన్ని ఒక్కొక్క కప్పుకి విడివిడిగా తీసేలా మార్చాడు. ఆవిరి ఒత్తిడి చాలక, రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక అకిలే గాజ్జా లివరుతో స్ప్రింగుని బిగించి నీటిని తోసే మెషిన్ తెచ్చాడు. ఆ నురగ అప్పటినుంచి వచ్చింది. ఈ కథ మొత్తంలో అందరి ముందూ ఉన్న సమస్య ఒక్కటే: కౌంటరు ముందు నిలబడ్డ గిరాకీ. వచ్చినవాడికి నిమిషంలో కప్పు చేతికివ్వాలి, వాడు తాగి పోవాలి, తరువాతివాడు రావాలి. ఒత్తిడి ఆ తొందరకి మందు.

ఇంట్లో ఆ జబ్బు లేదు. పొద్దున ఆరున్నరకి నలుగురికి ఒకేసారి కాఫీ కావాలి, అంతే. చిత్రమేమిటంటే ఈ పనికి మెషినే ఆలస్యం. పెట్టగానే వేడెక్కదు; చాలా మెషిన్లకి నిలకడగా వేడెక్కడానికే పది, పదిహేను నిమిషాలు పడుతుంది. ఆపైన ఒకసారికి ఒకటి రెండు కప్పులు. నాలుగో కప్పు దిగేసరికి మొదటి కప్పు చల్లారి ఉంటుంది, కాఫీ కలిపే మనిషి వంటింట్లోనే నిలబడి ఉంటుంది. ఫిల్టరులో నలుగురికి సరిపడా డికాషన్ ఒక్కసారే దిగుతుంది. హోటలు అవసరానికి పుట్టిన యంత్రాన్ని ఇంటికి తెచ్చుకుని, ఇల్లు హోటలులా నడవడం లేదని బాధపడటం దేనికి?

నురగ గురించి కూడా ఒక మాట చెప్పుకోవాలి. ఎస్ప్రెసో మీది నురగ కాఫీ గింజలో వేయించినప్పుడు చేరిన బొగ్గుపులుసు వాయువు, నూనెలూ కలిసి కట్టింది. దాన్ని చూస్తూ చిన్న కప్పులో పాలు లేకుండా తాగేవాళ్లకి అది విలువైనదే. దానిమీద వంద మిల్లీలీటర్ల వేడి పాలు పోసే మనకి అది మొదటి గుక్కకి ముందే మాయం. మనకి కావలసిన నురగ గ్లాసులోంచి గిన్నెలోకి, గిన్నెలోంచి గ్లాసులోకి రెండుసార్లు తిరగబోస్తే వస్తుంది. దానికి కరెంటు అక్కర్లేదు.

ఇప్పుడు సారం దిగడం అనే విషయానికి వద్దాం. ఇది కొలతకి అందే సంగతి కనుక మాటలతో నెట్టుకురానక్కర్లేదు. కాఫీ పొడి బరువులో నీళ్లలో కరగగలిగింది దాదాపు 30 శాతం. మిగిలినది పిప్పి. ఆ 30 శాతమంతా రాబట్టుకున్నా మంచిది కాదు. ముందు పులుపూ పరిమళమూ దిగుతాయి, తరువాత తీపి, చివర్లో చేదూ వగరూ. 1950లలో అమెరికాలో ఎర్నెస్ట్ లాక్‌హార్ట్ అనే శాస్త్రవేత్త చేసిన పరిశోధనల నుంచి ఇప్పటిదాకా కాఫీ వ్యాపార ప్రపంచం ఒప్పుకుంటున్న లెక్క: పొడి బరువులో 18 నుంచి 22 శాతం కరిగితే రుచి బాగుంటుంది. అంటే 30 గ్రాముల పొడిలోంచి ఆరు గ్రాములు. అంతకు తక్కువైతే పుల్లగా, పలచగా, ఎక్కువైతే చేదు. ఈ ఆరు గ్రాములు దింపడానికి కావలసినవి నాలుగే: పొడి మెత్తదనం, నీటి వేడి, సమయం, నీరు పొడి మొత్తాన్నీ సమానంగా తడపడం. ఒత్తిడి సమయాన్ని తగ్గిస్తుంది. సమయం చేతిలో ఉంటే ఒత్తిడితో పని లేదు. ఫిల్టరులో నీరు తన బరువుతో తాను, పొడి పొరలోంచి పావుగంట సేపు దిగుతుంది. తొమ్మిది బార్లు అరనిమిషంలో చేసే పనిని భూమ్యాకర్షణ పావుగంటలో చేస్తుంది. రెండో దానికి బిల్లు రాదు.

ఆ నిర్మాణం ఎంత సరైనదో చెప్పడానికి మనల్ని మనమే పొగుడుకోనక్కర్లేదు. అడుగున చిల్లులున్న పై గిన్నె, డికాషన్ పట్టే కింది గిన్నె, ఇదే పద్ధతి పాత్ర 1800 ప్రాంతంలో పారిస్‌లో ఒక ఆర్చిబిషప్ పేరుతో చెలామణి అయింది. అమెరికాలోని న్యూ ఆర్లియన్స్‌కి ఫ్రెంచివాళ్ల వెంట అదే పాత్ర వెళ్లింది, అక్కడ చికోరీ కలిపిన కాఫీలో వేడిపాలు పోసుకునే అలవాటు స్థిరపడింది. వియత్నాంలో గ్లాసు మీద పెట్టుకునే చిన్న ‘ఫిన్’ కూడా ఆ కుటుంబంలోదే. ప్రపంచంలో ఎక్కడెక్కడ పాలతో చిక్కటి కాఫీ తాగుతారో, అక్కడ ఈ చిల్లుల గిన్నె తిరిగి తిరిగి ప్రత్యక్షమవుతుంది. పాత్రలకి సంబంధించినంతవరకు ఇంతకంటే పెద్ద యోగ్యతాపత్రం ఏముంటుంది?

మెషిన్ కొనలేనివాళ్లకి, కొనకూడదని అనుకునేవాళ్లకి ఇంకో సలహా దొరుకుతుంది: పోర్-ఓవర్ చేసుకోండి, ఫ్రెంచ్ ప్రెస్ కొనుక్కోండి, చవక, తేలిక. చవకే, తేలికే. కానీ సలహా ఇచ్చేవాళ్లు అడగని ప్రశ్న ఒకటుంది: మీరు పాలు పోసుకుంటారా? ఈ పద్ధతుల్లో లీటరు నీటికి 60 గ్రాముల పొడి అటూ ఇటూ వాడతారు. అది నేరుగా కప్పులో పోసుకుని తాగాల్సిన కాఫీ, రంగు చూస్తే అద్దంలోంచి వెలుతురు కనిపించేంత పలచన. జర్మనీలో 1908లో మెలిటా బెంట్స్ అనే గృహిణి కాగితం ఫిల్టరు కనిపెట్టిందే అలాంటి మడ్డిలేని నల్ల కాఫీ కోసం. ఆ కాఫీ గొప్పది. దానిలో సగం గ్లాసు పాలు పోస్తే పాలూ పోతాయి, కాఫీ కూడా పోతుంది. మన డికాషన్‌కి 30 గ్రాముల పొడి మీద 150 మిల్లీలీటర్ల నీళ్లు పోస్తాం. పిప్పి తన బరువుకి రెండింతలు నీరు పట్టుకుని ఉండిపోగా దిగేది 90 మిల్లీలీటర్లు. ఈ చిక్కదనం ఉంటేనే పాలకి ఎదురు నిలుస్తుంది. పాలకాఫీ తాగేవాడికి పోర్-ఓవర్ కెటిలు అంటగట్టడం, వేసవిలో వాడికి రగ్గు బహుమతి ఇవ్వడం లాంటిది, వస్తువులో తప్పులేదు.

పాలు కలపడమే తప్పు, అది కాఫీని చంపడం అనే శుద్ధాచారులు కూడా ఉన్నారు. వాళ్లతో వాదం పెట్టుకోను. కాపుచినో కనిపెట్టినవాళ్ల మీద లేని కోపం మన మీద ఎందుకో మాత్రం అడుగుతాను.

క్యాప్సూల్ మెషిన్ల సంగతి రెండు ముక్కల్లో తేల్చేయవచ్చు. వాటిలో ఒక్కో గుళికలో ఉండే పొడి సుమారు ఐదారు గ్రాములు. మన గ్లాసు కాఫీకి పది గ్రాముల పొడి పడుతుంది. ఒక్క గుళికతో కాఫీ పలచబడినా, రెండు గుళికలు వేసినా నష్టపోయేది మీరే. ఆ మెషిన్‌లో పట్టే రకం గుళికలకే జీవితాంతం కట్టుబడి ఉండాలి. కాఫీ గింజకి కులమేమిటో, ఊరేమిటో మీరు ఎంచుకునే దారి అక్కడితో చాలావరకు మూసుకుపోతుంది.

మరిగే నీళ్లు పోస్తే పొడి మాడిపోతుందన్న మాట ఎవరు మొదలుపెట్టారో గానీ బాగా పాకింది. కాఫీ గింజను వేయించేది రెండు వందల డిగ్రీలకి పైన. ఆ వేడిని తట్టుకుని వచ్చిన పొడి వంద డిగ్రీల నీటికి మాడదు. అసలు మన దగ్గర వంద కూడా ఉండదు; సముద్రమట్టానికి ఐదు వందల మీటర్ల పైచిలుకు ఎత్తున్న హైదరాబాద్‌లో నీళ్లు 98 డిగ్రీలకే మరుగుతాయి, అరకులో ఇంకో డిగ్రీ తక్కువ. ఆ నీటిని చల్లటి స్టీలు గిన్నెలో, చల్లటి పొడి మీద పోసేసరికి 90, 95 మధ్యకి దిగిపోతుంది. పుస్తకాలు చెప్పే వేడి కూడా అదే. థర్మామీటరు కొని, కెటిలు మీద అంకెలు చూసుకుంటూ నీళ్లు చల్లార్చి పోసేవాళ్లు ఫిల్టరులోకి వచ్చేసరికి 80కి పడేసుకుని, కాఫీ పుల్లగా ఉందని గింజను తిడతారు. మరిగే నీళ్లు మరిగినట్టే పోయండి.

ఇక చికోరీ. సగం నిజమన్నాను కదా, ఆ సగం ఏదో చెప్పాలి. చికోరీ ఒక మొక్క వేరు. మనదేశంలో ఎక్కువగా గుజరాత్, ఉత్తరప్రదేశ్‌లలో పండిస్తారు. వేయించి పొడి చేస్తే కాఫీని పోలిన చేదు, కాస్త మాడిన బెల్లం వాసన. కెఫీన్ ఉండదు. కాఫీ కంటే నీళ్లలో ఎక్కువ కరుగుతుంది కనుక డికాషన్‌కి నల్లటి రంగూ, చిక్కదనమూ ఇస్తుంది. నెపోలియన్ కాలంలో బ్రిటన్ ఓడలకి అడ్డుకట్ట పడి ఐరోపాలోకి కాఫీ రానప్పుడు ఫ్రాన్స్ దీనితో గడుపుకుంది. కాఫీ తిరిగి వచ్చాక కూడా వదల్లేదు. కాబట్టి చికోరీ ఒక రుచి, దానికో చరిత్ర ఉంది. పది, ఇరవై పాళ్లు కలిస్తే పాలకాఫీకి వన్నె వస్తుందని నా నాలుక చెబుతుంది. ఇష్టం లేకపోతే మానేయండి; ఫిల్టరు దేన్నైనా దింపుతుంది. గొడవ ఎక్కడంటే కాఫీ కంటే చికోరీ చవక. నిబంధనల ప్రకారం కాఫీ-చికోరీ మిశ్రమంలో కాఫీ కనీసం 51 శాతం ఉంటే చాలు, ఎంత కలిపిందీ పొట్లం మీద వేయాలి. ఆ అంకె ఎంత చిన్న అక్షరాల్లో ఉంటుందో చూశారా? ముందువైపు కొండలూ, కాఫీ పళ్లూ, నవ్వుతున్న అమ్మాయి. వెనకవైపు, బార్‌కోడ్ పక్కన, కాఫీ 53, చికోరీ 47. అలాంటి పొట్లం తెచ్చి ఫిల్టరులో వేసి, ‘ఫిల్టరు కాఫీ చేదండీ’ అని మెషిన్ కొనేవాళ్లు కోకొల్లలు. మెషిన్‌లోకి వచ్చేసరికి వాళ్లు కొనేది స్వచ్ఛమైన కాఫీ గింజలు, అదీ నెలలోపు వేయించినవి. రుచి మారింది గింజ వల్ల, మెషిన్‌కి దక్కింది పేరు.

మెషిన్ కొన్నాక కాఫీ బాగుపడిందని చెప్పేవాళ్లు చాలామంది అబద్ధం చెప్పడం లేదు. డబ్బు పోశారు కనుక పొడి మీద శ్రద్ధ పెరిగింది. గింజలు ఎక్కడివో చదువుతున్నారు, వేయించిన తేదీ చూస్తున్నారు, ఎప్పటికప్పుడు పొడి చేసుకుంటున్నారు, గ్రాముల్లో తూస్తున్నారు, పాలు కొత్తవి వాడుతున్నారు. ఇవే పనులు ఏడెనిమిది వందల రూపాయల స్టీలు ఫిల్టరుతో చేసి చూడండి. మంచి కాఫీ రహస్యంలో ముప్పాతిక భాగం పొడి వయసులో ఉంది. బియ్యం ఎంత పాతవైతే అంత గొప్ప, కాఫీ పొడి ఎంత కొత్తదైతే అంత గొప్ప. మన వంటింట్లో ఈ రెండింటినీ ఒకే డబ్బా వరుసలో, ఒకే లెక్కన నిలవచేస్తాం. పొడి చేసిన గంటల్లోనే దానిలోని వాయువులో పెద్ద భాగం పోతుంది, దానితోపాటు పరిమళం. తరువాత గాలి తగిలి నూనెలు చెడటం మొదలవుతుంది. కిలో ప్యాకెట్టు చవకగా వచ్చిందని తెచ్చి రెండు నెలలు వాడే ఇంట్లో మొదటి వారం తాగేది కాఫీ, తక్కినదంతా జ్ఞాపకం. పైగా ఆ డబ్బాను ఫ్రిజ్‌లో పెట్టి రోజుకి రెండుసార్లు తీసి మూత తెరిస్తే, చల్లటి పొడి మీద గాలిలోని చెమ్మ చేరుతుంది. పొట్లం మీద ఉండేది ప్యాకింగ్ తేదీ. గింజ వేయించిన తేదీ చాలామంది వేయరు.

అందుకే కాఫీ పొడి కొట్టు. విజయవాడలో, నెల్లూరులో, తిరుపతిలో, హైదరాబాద్ పాత బస్తీల్లో ఇంకా ఉన్నాయవి, వీధి మలుపు తిరగకముందే వాసన తెలుస్తుంది. అక్కడి బోర్డు చదవడం నేర్చుకుంటే సగం చదువు అయినట్టే. ప్లాంటేషన్ అంటే కడిగి ఆరబెట్టిన అరబికా. చెర్రీ అంటే పండుతోనే ఎండబెట్టినది. పీబెర్రీ అంటే పండులో రెండు బద్దలకి బదులు ఒకే గుండ్రటి గింజ. అరబికాకి పరిమళం, సున్నితమైన పులుపు. రోబస్టాకి బరువు, చేదు, అరబికాకి దాదాపు రెట్టింపు కెఫీన్. మనదేశంలో పండేదాంట్లో మూడింట రెండు వంతులకి పైగా రోబస్టానే. పాలకాఫీకి ఈ రెండూ కలవాలి; ఒట్టి అరబికా పాలల్లో మెత్తబడిపోతుంది. అరకు కాఫీ అనగానే ఒట్టి అరకు గింజలు తెచ్చి, పాలు పోసి, ‘ఇంత పేరెందుకొచ్చిందో’ అని పెదవి విరిచేవాళ్లకి చెప్పవలసిన మాట ఇది. సిల్వర్ ఓక్ చెట్ల నీడలో, మిరియాల తీగల పక్కన గిరిజన రైతులు పండించే ఆ అరబికాకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. దాని గొప్పతనం తెలియాలంటే నల్లగా తాగండి, లేదా మూడో వంతు రోబస్టా కలిపించి పాలతో తాగండి.

కొట్టులో అడగాల్సింది పెద్దగా ఏమీ లేదు.

“గింజలు ఎప్పుడు వేయించారండీ?”

“నిన్న సాయంత్రమేనండీ. ఎంత కావాలి?”

“నూటయాభై గ్రాములు. చికోరీ పది పాళ్లే వేయండి. మన స్టీలు ఫిల్టరుకి ఆడించండి, మరీ మెత్తగా వద్దు.”

నూటయాభైకి ఆయన మొహం కాస్త చిన్నబుచ్చుకోవచ్చు. పట్టించుకోకండి. కొద్దికొద్దిగా తెచ్చుకుంటూ తరచుగా వెళ్లడమే ఇందులో కిటుకు. ఊరిలో అలాంటి కొట్టు లేనివాళ్లు, అమెరికాలో ఉన్నవాళ్లు చేతితో తిప్పే మంచి గ్రైండరు ఒకటి కొనుక్కుని గింజలు తెప్పించుకోవచ్చు. మెషిన్ పక్షం చెప్పేవాటిలో నేను మనస్ఫూర్తిగా ఒప్పుకునే మాట గ్రైండరు మాట. మిక్సీ అంత మంచిది కాదు; అది కొంత పొడినీ కొంత రవ్వనూ ఒకేసారి చేస్తుంది, పొడి చిల్లులు మూస్తుంది, రవ్వలోంచి సారం దిగదు. ఇండియా నుంచి సూట్‌కేసులో ఆరు నెలలకి సరిపడా పొడి పట్టుకెళ్లడం మాత్రం మానేయండి. ఆ మోత వృథా. డాలస్‌లోనూ గింజలు వేయించేవాళ్లున్నారు.

ఇంతసేపూ మెషిన్ వాళ్లని అన్నాను కనుక మనవాళ్లని వదిలేస్తే న్యాయం కాదు. ఫిల్టరుకి చెడ్డపేరు తెచ్చింది దాని భక్తులే. ఇత్తడి ఫిల్టరైతేనే రుచి అంటారు. ఇత్తడిలో ప్రత్యేకమైన మహిమేమీ లేదు, పైగా కళాయి పోతే తంటా. రాత్రి డికాషన్ వేసి పొద్దున వాడితేనే అసలు కాఫీ అంటారు. రాత్రంతా వంటింటి గట్టు మీద ఉన్న డికాషన్‌కి వాసన పోయి పులుపు తిరుగుతుంది. తెల్లారి లేవడం కష్టమైతే దిగగానే మూతపెట్టి ఫ్రిజ్‌లో పెట్టండి, సరిపోతుంది. దాన్ని స్టవ్ మీద మళ్లీ కాచడం మహాపరాధం. చల్లటి డికాషన్‌లో పొంగిన పాలు పోస్తే వేడి దానంతటదే వస్తుంది. ఇక రెండో డికాషన్. అయిపోయిన పిప్పి మీద మళ్లీ నీళ్లు పోసి, దిగిన ఎర్రనీళ్లని మొదటిదాంట్లో కలపడం. పైన చెప్పిన లెక్క గుర్తుంటే అర్థమవుతుంది, మొదటిసారి మంచిదంతా దిగిపోయింది, రెండోసారి వచ్చేది చేదూ వగరే. పొదుపు అనే పేరుతో రోజూ పొద్దున్నే ఆ చేదు తాగి, ‘మన ఫిల్టరు ఇంతే’ అనుకున్న ఇళ్లు ఎన్నో. రెండు చెంచాల పొడి ఎక్కువ వేయడానికి మనసొప్పని అదే ఇల్లు నలభై వేల మెషిన్‌కి కంతులు కడుతుంది.

ఒక్కోరోజు ఒక్కోలా వస్తుందన్న ఫిర్యాదుకి సమాధానం ఈపాటికి వచ్చేసింది గానీ, స్పష్టంగా చెబుతాను. మెషిన్ ముందు నిలబడి 18 గ్రాములు తూచేవాడు ఫిల్టరు దగ్గరికి వచ్చేసరికి ‘మూడు చెంచాలు, తలగొట్టకుండా’ అంటాడు. నీళ్లు కంటిచూపుతో పోస్తాడు. కొలత లేకపోతే ఏ పాత్రలోనైనా అంతే. నలుగురికి 40 గ్రాముల పొడి వేయండి. గిన్నెని తట్టి పొడిని సమంగా పరవండి, కాడ ఉన్న చిల్లుల బిళ్లతో కొద్దిగా అదమండి, బలం చూపించకండి. ముందు కాసిని మరిగే నీళ్లు పోసి పొడి తడిసి ఉబ్బేదాకా అరనిమిషం ఆగండి. తరువాత మిగతావి, మొత్తం 200 మిల్లీలీటర్లు, నెమ్మదిగా. మూత పెట్టి వెళ్లిపోండి. ఐదు నిమిషాల్లో మొత్తం దిగిపోయిందంటే పొడి బరక, లేదా తక్కువ. అరగంటైనా దిగలేదంటే మరీ మెత్తన, లేదా గట్టిగా అదిమారు. రెండూ కాకపోతే పై గిన్నె కింది గిన్నెలో బిగుసుకుపోయి లోపలి గాలికి దారి లేదు. కాస్త ఎత్తి వదిలితే చుక్కలు మొదలవుతాయి. నెలలో ఒకసారి ఖాళీ గిన్నెని వెలుతురుకి పట్టి చూడండి. మూసుకున్న చిల్లులుంటే స్టవ్ మంట మీద అడుగు కాల్చి, చల్లారాక తోమితే తెరుచుకుంటాయి. ఫిల్టరుకి ఉన్న సర్వీసింగ్ అంతా ఇంతే. బోరునీళ్ల ఊళ్లలో మెషిన్ బాయిలరులో పేరుకునే సున్నం పొర తీయడానికి ఎంత తంటా ఉందో వాడేవాళ్లనే అడగండి.

పాల గురించి కూడా కొంచెం గట్టిగానే చెప్పాలి. పొద్దున కాచి, మధ్యాహ్నం మరోసారి పొంగించి, సాయంత్రం మూడోసారి వేడిచేసిన పాలకి వచ్చే మాడువాసనని ఏ డికాషనూ మూయలేదు, ఏ ఇటాలియన్ యంత్రమూ మూయలేదు. కాఫీకి పాలు ఆ పూట మొదటిసారి పొంగినవై ఉండాలి. మూడు శాతం వెన్న ఉన్న టోన్డ్ పాలు పలచన; ఆరు శాతం ఉన్న ఫుల్‌క్రీమ్ వాడితే గ్లాసులో పాలు తగ్గించవచ్చు, నీళ్లు కలపకూడదు.

కాచుకు కూర్చోవాలన్న మాటొకటి మిగిలింది. ఎవరు కూర్చోమన్నారు? చేతిపని రెండు నిమిషాలు. తరువాతి పావుగంట అది దిగుతుంటుంది, మీరు పళ్లు తోముకోవచ్చు, పేపరు చూడవచ్చు, పిల్లల్ని లేపే యుద్ధం చేయవచ్చు. మెషిన్ దగ్గర అలా కుదరదు, దాని ముందే నిలబడి ఉండాలి. నిజంగా పావుగంట కూడా లేనివాళ్లకి ఇన్‌స్టంట్ ఉంది, దాన్ని నేను తక్కువ చేయను. మన గుంటూరు జిల్లా దుగ్గిరాలలో తయారైన ఇన్‌స్టంట్ కాఫీ దేశదేశాలకి పోతుంది. ఆ అవసరానికి అది, ఈ అవసరానికి ఇది.

ఫిల్టరు వద్దని నేనే చెప్పవలసిన చోట్లు రెండున్నాయి. పాలు లేకుండా చిన్న కప్పులో ఎస్ప్రెసో తాగడం అలవాటైనవాళ్లకి మెషిన్‌కి బదులు లేదు. 1933లో బియలెట్టి తెచ్చిన మోకా పాట్ దగ్గరిదాకా వస్తుంది గానీ దాని ఒత్తిడి ఒకటిన్నర బార్లే. రెండోది డాక్టరు కొలెస్ట్రాల్ చూసి మొహం చిట్లించినవాళ్లు. కాఫీ నూనెలో కెఫెస్టాల్ అనే పదార్థం ఉంటుంది, అది చెడు కొలెస్ట్రాల్‌ని పెంచుతుంది. కాగితం ఫిల్టరు దాన్ని చాలావరకు ఆపేస్తుంది, స్టీలు చిల్లులు ఆపలేవు. ఎస్ప్రెసో మెషిన్ కూడా ఆపదు. అలాంటివాళ్లు దిగిన డికాషన్‌ని కాగితం ఫిల్టరు పెట్టిన గరాటులో మరోసారి వడకట్టుకోవచ్చు, కాస్త చిక్కదనం పోతుంది, తాగడం మానక్కర్లేదు.

ఇప్పటికే మెషిన్ కొనేసి ఈ వ్యాసం చదువుతున్నవాళ్లు దాన్ని అమ్ముకోవలసిన పనేమీ లేదు. దాని పక్కన ఉండే ఆవిరి గొట్టం పాలు కాచడానికి మహా చక్కటిది, అడుగంటదు, పొంగిపోదు. అటక మీంచి ఫిల్టరు దించి డికాషన్ వేసుకోండి. పాలు మాత్రం దాంతో కాచుకోండి.